మా ఆవిడ ఇచ్చిన సర్వే జవాబు

మా అమ్మాయి డిగ్రీ పూర్తయిన వేసవిలో రెండు పిలుపులు ఒకేసారి వచ్చాయి. ఒకటి లా స్కూల్ నుంచి. రెండోది, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఒకావిడ ప్రచారంలో పనిచేయడానికి, అందరికంటే ముందుగా ఓట్లు పడే రాష్ట్రాల్లో ఒకటైన న్యూ హాంప్‌షైర్ రమ్మని. సీటు ఒక ఏడాది ఆపమని అడిగితే కాలేజీ వాళ్ళు కుదరదన్నారు. ప్రచారానికి వెళ్తే సీటు పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి అప్లై చేసుకోవాలి. వారంలో ఏదో ఒకటి చెప్పాలి.

ఆ అభ్యర్థి ఒక చిన్న రాష్ట్రానికి గవర్నర్‌గా చేశారట. మా ఇంట్లో మా అమ్మాయి తప్ప ఎవరూ ఆవిడ పేరు వినలేదు. తొలి సర్వేలన్నింటిలోనూ చివరి వరసలోనే ఉన్నారు. మా ఆవిడ ఆ పట్టికను ఫోన్‌లో తీసి నా ముందు పెట్టింది.

"ఏవండీ, లెక్కలు తెలిసినవాళ్ళు మీరే చెప్పండి దానికి. ఓడిపోయేవాళ్ళ కోసం ఎవరైనా సీటు వదులుకుంటారా?"

"అమ్మా, అది ఎర్లీ పోల్. మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ఆమె నంబర్ కంటే పెద్దది," అంది మా అమ్మాయి.

"సర్వేలో పొరపాటుకి వదిలే ఆ హద్దు సగానికి దగ్గరగా ఉన్న అంకెలకి వేసేది. చిన్న అంకెలకి అంత ఉండదు," అన్నాను నేను.

"నాన్నా, నువ్వు ఎవరి సైడ్?"

ఎవరి సైడూ కాదని చెప్పాను గానీ అది పూర్తి నిజం కాదు. మా అమ్మాయి అంత దూరం వెళ్ళడం నాకూ ఇష్టం లేదు. నేను లెక్కలు కాలేజీలో చదువుకున్నవాణ్ణి కాను. మేముండే షాంటిలీలో ఒక ఇండియన్ గ్రోసరీకి సరుకు తెప్పించడం నా పని. వచ్చే వారం ఎంత కరివేపాకు అమ్ముడవుతుందో అంచనా కట్టడంతో మొదలుపెట్టి, లైబ్రరీ పుస్తకాలు పట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. మా స్నేహితులు క్రికెట్ స్కోర్లు చూసుకున్నట్టు నేను సర్వేలు చూసుకుంటాను. ఆ విషయంలో మా అమ్మాయి నా మాట నమ్ముతుంది. పట్టిక చూపించి "ఛాన్స్ లేదురా" అంటే ఆగిపోయేది. నమ్ముతుంది కాబట్టే అంత తేలిగ్గా అనలేకపోయాను.

పాత ఎన్నికలు తీసి చూడటం మొదలుపెట్టాను. ఓట్లకు ఏడాది ముందు రెండు పార్టీల వాళ్ళలో ఎవరికి వేస్తారని అడిగిన సర్వేలు దాదాపు ఏమీ చెప్పవు. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే లోపలి పోటీ, అంటే ఇప్పుడు ఈవిడ ఉన్నది, కాస్త నయం. అక్కడ ముందు నుంచీ పైన ఉన్నవాళ్ళు తరచుగా గెలుస్తారు, అది కాదనలేం. కానీ అలా పైన ఉండి రెండు మూడు రాష్ట్రాల్లో ఓట్లు పడేసరికే చేతులెత్తేసినవాళ్ళు ఉన్నారు. అడుగు నుంచి మొదలై వైట్‌హౌస్ దాకా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. తేడా ఎక్కడుందంటే, జనానికి వాళ్ళు అప్పటికే తెలుసా లేదా అన్న దగ్గర. దేశమంతా ఎరిగిన మనిషికి తక్కువ వస్తే, చూసి వద్దనుకున్నారని అర్థం. ఎవరూ ఎరగని మనిషికి తక్కువ వస్తే, ఇంకా చూడలేదనే అర్థం.

శనివారం పొద్దున టిఫిన్ దగ్గర ఇదంతా చెప్తుంటే మా ఆవిడ ఇడ్లీలు వడ్డిస్తూ అంది, "మొన్న నాకూ ఫోన్ చేశారులెండి."

"ఎవరు?"

"సర్వేవాళ్ళే. ఒకమ్మాయి. పొద్దున్నుంచీ మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది, పాపం. పేర్లన్నీ చదివి ఎవరికి వేస్తారు ఆంటీ అన్నట్టు అడిగింది."

మా అమ్మాయి చెంచా కింద పెట్టింది. "ఎవరి పేరు చెప్పావు?"

"మొదటాయన పేరు. టీవీలో వస్తాడే, ఆయన."

"నీకు ఆయన ఇష్టమా?"

"ఇష్టమేంటి, ఆయన కనపడితే చానల్ మార్చేస్తాను. తెలిసిన పేరు అదొక్కటే."

"డోంట్ నో అని చెప్పొచ్చు కదమ్మా!"

"అంత ఓపిగ్గా చదివిన పిల్లకి తెలీదని మొహం మీద ఎలా చెప్తాం? బాగుండదు."

"మా కాండిడేట్ పేరు చదివిందా?"

"చదివే ఉంటుంది. మధ్యలో పోపు మాడుతుంటే స్టవ్ దగ్గరికి వెళ్ళాను."

ముగ్గురం నవ్వాం. ఒక్క మనిషి జవాబుతో సర్వే తప్పయిపోదని నేను చెప్పాల్సి వచ్చింది, చెప్పాను. కానీ తొలి సర్వేలు దేన్ని కొలుస్తాయో మా వంటింట్లోనే కనపడింది. ఎవరికి ఓటు వేస్తారన్నది చాలామందికి ఆ రోజుకి పుట్టని ప్రశ్న. అడిగారు కాబట్టి, మర్యాదకి, నోటికొచ్చిన పేరు చెప్తారు.

"అయితే గెలుస్తుందా నాన్నా?" అంది మా అమ్మాయి.

"ఓడిపోవడానికే ఎక్కువ వీలుంది. అంతమంది పోటీలో ఉన్నప్పుడు ఏ ఒక్కరి గురించైనా అదే అనాలి. ఈ పట్టిక దానికి కలిపేది కొంచెమే. దీన్ని చూసి వెళ్ళొద్దని చెప్పలేను, వెళ్ళమనీ చెప్పలేను."

 మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే, ఇంతకీ ఏం చేసిందే ఆవిడ? నీకు ఎందుకంత ఇది?"

వారమంతా గెలుపు గురించే మాట్లాడుకున్నాం. ఆ ప్రశ్న మాలో ఎవరూ అడగలేదు. మా అమ్మాయి తన వచ్చీరాని తెలుగులో, మధ్య మధ్య ఇంగ్లీషులో, ఇడ్లీలు చల్లారిపోయేదాకా చెప్పింది. మా ఆవిడ ఓపిగ్గా వింది, ఈసారి స్టవ్ దగ్గరికి లేవలేదు. చివరికి, "అక్కడ చలికాలం ఎలా ఉంటుందో ఏమో, మంచి కోటు కొనుక్కో," అంది. అదే అనుమతి.

ఆ శరదృతువులో మా ఆవిడ తన వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఆ గవర్నర్ గురించి చెప్పింది. అయినా మొదటి ఓట్లు పడకముందే ఆవిడ పోటీ నుంచి తప్పుకున్నారు. మా అమ్మాయిని తీసుకురావడానికి మేమిద్దరం కారులో వెళ్ళాం. ప్రచార ఆఫీసు గోడల మీంచి పోస్టర్లు తీసి మడత పెడుతోంది. సన్నబడింది, గొంతు పోయింది, కళ్ళలో మాత్రం నేను అనుకున్నంత దిగులు లేదు. లా స్కూళ్ళకి అక్కడి నుంచే మళ్ళీ అప్లై చేసిందట.

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో కోటు కప్పుకుని పడుకుంది. దారిలో కనెక్టికట్ రాష్ట్రం దాటాక మా ఆవిడ మెల్లగా అడిగింది.

"ఏవండీ, మళ్ళీ సీటు వస్తుందంటారా?"

"ఇప్పుడే చెప్పలేం."

"ఆ మాట చెప్పడానికి మీరే కావాలా," అంది.

వెనక నుంచి కోటు కింద నవ్వు వినపడింది. అది నిద్రపోలేదు.