బూడిద మరకలో పుట్టే చుక్కలు

"ఇంతదూరం వచ్చింది ఈ బూడిద మరక కోసమా అని అతిథులు లేచి వెళ్ళిపోతేనో?"

నిప్పుల మీద రొట్టెలు తిరగేస్తూ సానా క్లాస్టె అన్న మాట ఇది. పక్కింటి మార్లీన్ నెలల పాపను ఎత్తుకుని వింటోంది. ఊరి బడిలో మార్లీన్ సైన్సు టీచరు. సదర్లండ్ ఊళ్ళో కోస్ నడిపే అతిథిగృహంలో సానా వంటమనిషి. అతిథులకు ఆకాశం చూపించేవాడు మానేయడంతో ఆ పని తనకిమ్మని అడిగింది. ఈ సాయంత్రం అతిథులు మెచ్చితే పని ఆమెది. లేదంటే మళ్ళీ పొయ్యి దగ్గరికే.

"గరిటె తిప్పే చేత్తో టెలిస్కోపు తిప్పుతావా సానత్తా?" అన్నాడు కోస్.

"కరెంటు పోయినప్పుడల్లా నీ కూరలో ఉప్పు చీకట్లోనే వేశాను. ఎప్పుడైనా తప్పిందా?"

చీకటి పడింది. అతిథులు గొర్రెతోళ్ళు కప్పుకుని పెరట్లో కూర్చున్నారు. చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరకుండా అక్కడ ఎర్రదీపం తప్ప మరొకటి వెలిగించకూడదు. సానా టెలిస్కోపును దక్షిణాన చుక్కలు పుట్టే కరీనా వాయుమేఘం వైపు తిప్పింది. అంతలో పాప ఊపిరి వినబడక మార్లీన్ కంగారుగా ఫోను లైటు వేసింది. తెల్లటి వెలుగు అందరి కళ్ళలో కొట్టింది.

"అయిపోయింది. ఇక ఫొటోలు చూసుకుని పడుకుందాం," అన్నాడొక అతిథి. కోస్ పెరటి దీపం వేయడానికి లేచాడు.

"కూర్చో కోస్," అంది సానా. "కళ్ళు చీకటికి మళ్ళీ అలవాటుపడేదాకా ఎవరూ టెలిస్కోపు దగ్గరికి రావద్దు. ముందే చెబుతున్నా, ఫొటోలో ఎర్రగా ఉండేది మీకు బూడిదలా కనిపిస్తుంది. ఎరుపు అక్కడుంది, ఇంత మసకలో మన కంటికే రంగు తెలీదు. అదంతా హైడ్రోజన్. దాని బరువుకి అదే ముద్దకట్టి కుంగి, నడిమధ్య వేడెక్కి చుక్క పుడుతుంది. అలా పుట్టిన పెద్ద చుక్కల వెలుగు తగిలి చుట్టూ మిగిలింది మెరుస్తుంది. బిడ్డే పురిటిగదికి దీపం పెట్టినట్టు."

"చుక్క పుట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందేమిటి?" అని సణిగాడు ఆ అతిథే.

"లక్షల ఏళ్ళు. నువ్వు అరగంట ఆగలేవా నాయనా?"

చివరికి సణిగినవాడినే ముందు పిలిచింది. అతను కన్ను ఆనించి కదల్లేదు.

"నల్లటి చీలిక... దాని పక్కన సూదిమొనల్లా ఎన్ని చుక్కలో."

"జరగవయ్యా, అది నీ ఒక్కడి సొత్తా?" అంది వెనకనుంచి భార్య.

తొందరపడకుండా చూడటంతో అందరికీ అన్నీ కనిపించాయి. రెండోసారి వరస కట్టారు. రొట్టెలు చల్లారిపోయినా ఎవరూ అడగలేదు. వరస చివర కోస్ నిలబడ్డాడు. చూసి వచ్చి, "రేపట్నుంచి వంటకి మనిషిని వెతకాలి," అని గొణిగాడు. సానా నవ్వు చీకట్లోనూ తెలిసిపోయింది.

గేటు దగ్గర మార్లీన్ తల దించుకుంది. "పాప ఊపిరి పీలుస్తోందో లేదోనని భయం అత్తా."

అప్పుడు సానా చెప్పినదాన్నే మార్లీన్ ఇప్పుడు రోజూ పాటిస్తోంది: "ప్రతిసారీ దీపం వేస్తే దానికీ నిద్రుండదు, నీకూ ఉండదు. చీకట్లోనే పాప పొట్ట మీద చెయ్యి పెట్టు. ఊపిరి వెంటనే తెలియకపోతే చెయ్యి తియ్యకు, కాసేపు ఆగు."