అప్‌డేట్ తర్వాతి సోమవారం

సోమవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి తబితా ‘క’ కొట్టింది. తెర మీద ‘క’ పడలేదు. ఒక కొమ్ము పడింది, దేనికీ తగులుకోకుండా, గోడకు కొట్టి వదిలేసిన మేకులా. చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ కొమ్మే. ‘మ’ కొడితే ఒంటరిగా దీర్ఘం పడింది. ‘స’ కొడితే అసలేమీ పడలేదు.

సత్తుపల్లి బస్టాండు వెనక సందులో ఆమెకు ఒక డీటీపీ సెంటరు ఉంది. సెంటరంటే ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు, ఒక ఫోను, రెండు కుర్చీలు. పెళ్ళి కార్డులు, బడుల పరీక్ష పేపర్లు, చనిపోయినవారి ఆదరణ కూడికల కరపత్రాలు, తప్పిపోయిన గేదెల ప్రకటనలు. పదకొండేళ్ళుగా ఇదే పని. తబితాకు ముప్పై ఏడేళ్ళు. భర్త బొగ్గు లారీ మీద డ్రైవరు. వారంలో నాలుగు రోజులు కొత్తగూడెం దారిలోనే ఉంటాడు. ఆమె కుడి మణికట్టుకు గుడ్డ చుట్టుకుని కూర్చుంటుంది. ఎందుకని అడిగినవాళ్ళకు చలికాలమని చెబుతుంది, ఎండాకాలంలో కూడా.

అది 2005 ఫిబ్రవరి. వేంసూరులో గురువారం క్రైస్తవుల కన్వెన్షన్ కూడికలు మొదలు. ఆ కూడికల పాటల పుస్తకం తొమ్మిదేళ్ళుగా ఆమె చేతిమీదుగానే వెళ్తోంది. ఈసారి 215 పాటలు. శనివారానికి 212 అయ్యాయి. మూడు పాటలు, కొన్ని దిద్దుబాట్లు మిగిలాయి. ట్రేసింగ్ కాగితం మీద ప్రింట్లు తీసి మూడున్నర బస్సుకు ఖమ్మం పంపాలి. అక్కడి ఆఫ్‌సెట్ ప్రెస్సులో మెషిను ఆ సాయంత్రం ఒక్కటే ఖాళీ. ఆ బస్సు తప్పితే పుస్తకం లేనట్టే. ఈ ఏడు పుస్తకం లేకపోతే, వచ్చే ఏడు ఆ పని ఖమ్మంలోనే ఎవరికో పోతుంది.

ఆమె ఫోను తీసి రూప్‌సింగ్‌కు చేసింది. రూప్‌సింగ్‌ది ఏన్కూరు వైపు తండా. ఖమ్మంలో హార్డ్‌వేర్ నేర్చుకుని, కొత్తగూడెం నుంచి సత్తుపల్లి దాకా పాడైన కంప్యూటర్లన్నిటికీ తానే దిక్కయ్యాడు. ఆదివారం ఆరాధన అయ్యాక తబితా అతనికి సెంటరు తాళం ఇచ్చి ఇంటికి వెళ్ళింది.

“నిన్న ఏం చేసి పోయినవ్ రూప్‌సింగూ?”

“ఏమైందక్కా? అప్‌డేట్ ఏసిన. పని కట్టుకుని సీడీ తెచ్చి మరీ ఏసిన.”

“తెలుగు పడతలేదు.”

అటువైపు నుంచి ఏదో బస్సు హారన్ వినిపించింది.

“చేసిన పాటలు కనపడుతున్నయా?”

“అవ్, అన్నీ మంచిగ కనపడుతున్నయి. కొత్తగ కొడితేనే పడతలేదు.”

“అయితే నీ తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్‌కు, దీనికి పొసుగుతలేదక్కా.”

“గది ఏసేముందు చూసుకోవా?”

“నీ మంచికే ఏసిన. ఎనక అరవై లెక్కబెట్టి ఆరిపోతుంటే ఏడ్చిందెవరు?”

ఏడ్చింది తబితానే. పోయిన మే నెలలో ఫోను తీగతో నెట్ పెట్టి పదో తరగతి ఫలితాలు చూపించిన వారంలో కంప్యూటరుకు వైరస్ పురుగు పట్టింది. తెర మీద ఒక పెట్టె వచ్చి అరవై నుంచి వెనక్కి లెక్కపెట్టేది. సున్నా రాగానే మొత్తం ఆరిపోయేది. రెండు రోజులు పోయాయి, ఒక శుభలేఖ పోయింది. అప్‌డేట్ ప్యాచ్ వేయించుకుని ఉంటే వచ్చేది కాదని రూప్‌సింగ్ అప్పుడే చెప్పాడు. టీకా లాంటిదన్నాడు.

ఆనాటి నుంచి తెర మూల గడియారం పక్కన అప్‌డేట్ ఉందనే పసుపు గుర్తు తరచూ కనిపించేది. దాన్ని నొక్కాలా వద్దా అన్నది తేలేది కాదు. ఊళ్ళో ఉన్న ముగ్గురు డీటీపీ వాళ్ళూ టీ కొట్టు దగ్గర ఒకటే మాట అనుకునేవాళ్ళు: ఆడుతున్న దాన్ని ముట్టుకోవద్దు. వాళ్ళ భయం వట్టిది కాదు. వచ్చే రోగం ఎలా ఉంటుందో ఎవరికీ కనిపించదు. మందు వేశాక పనిచేయనిది మాత్రం అందరికీ కనిపిస్తుంది. తబితా నెలల తరబడి ‘తర్వాత’ అని నొక్కుతూ వచ్చింది. చివరికి నొక్కీ నొక్కీ విసుగొచ్చి, ఏదో ఒకటి చెయ్యమని రూప్‌సింగ్‌కు తాళం ఇచ్చింది.

“తీసెయ్యరాదా దాన్ని?”

“నీ డిస్కుల జాగా లేదక్కా. పాత ఫైళ్ళు దాచిపెట్టకుండ ఏసిన, ఎనక్కి పోదు. ఇగ మొత్తం తుడిచి మళ్ళ ఎక్కియ్యాలె. నేను ఇల్లెందుల ఉన్న. రేపొస్త.”

“రేపొచ్చి ఏం చేస్తవ్, పాటలు పాడతవా?”

ఫోను పెట్టేసేసరికి శాంతికుమార్ సారు గుమ్మంలో ఉన్నాడు. వేంసూరు బడిలో తెలుగు చెబుతాడు. పాటల పుస్తకం బాధ్యత కన్వెన్షన్ కమిటీ ఆయన మీద పెట్టింది. చంకలో దిద్దిన కాగితాలు, జేబులో ఎర్ర పెన్ను.

“వందనాలు తబితమ్మా. నలభై ఒక్క తప్పులున్నయి. ఎక్కువేం కాదులే.”

ఆమె జరిగింది చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

“బాగుచేసేటోడు ఎవరూ లేరా?”

“ఉన్నడు సార్. చెడగొట్టింది కూడ ఆయనే.”

“పక్క సెంటరుకు తీస్కపోదాం.”

“వాళ్ళ ఫాంటు వేరు. మన పాట ఆడ తెరిస్తే చీమలు పారినట్టుంటది.”

ఫ్యాను తిరుగుతోంది. సారు ఎర్ర పెన్ను మూత తీసి పెడుతున్నాడు, తీసి పెడుతున్నాడు. తబితా కాసేపు తెరకేసి చూసి, మొదటి దిద్దుబాటు కాగితం దగ్గరకు లాక్కుంది. పదిహేడో పాట రెండో చరణంలో ఒక అక్షరం తప్పు. దాన్ని చెరిపింది. నలభయ్యో పాటకు వెళ్ళి, సరైన అక్షరం ఉన్న చోట వెతికి, దాన్ని మౌస్‌తో పట్టి, కాపీ చేసి తెచ్చి పదిహేడో పాటలో పెట్టింది. అతికింది.

కొట్టడం పోయింది గానీ ఏరుకోవడం పోలేదు.

“బైబిల్లో రూతు కోసిన చేలో పరిగె ఏరినట్టుంది తల్లీ,” అన్నాడు సారు.

“రూతు పక్కన ఎర్ర పెన్ను పట్టుకుని ఎవరూ కూసోలే సార్.”

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

నలభై ఒక్కటీ అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. మామూలుగా అరగంట పని. పేజీల ప్రింట్లు తీస్తుంటే ఒంటిగంటకు కరెంటు పోయి నలభై నిమిషాలకు వచ్చింది. ఆ నలభై నిమిషాలూ ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చుంది. తెచ్చుకున్న అన్నం తినలేదు. సారు రెండు టీలు తెప్పించాడు.

కరెంటు వచ్చాక ప్రింట్లు పూర్తయ్యాయి. ఇక మూడు పాటలు. ఒకటి వేంసూరు ఇన్నమ్మది. చదువు రాదు, నాట్లకు కూలికి పోతుంది, మడిలో పాడినదాన్ని మనవరాలు రాసిచ్చింది. రెండు చరణాలు. మిగతా రెండూ శాంతికుమార్ సారువే. ఒక్కోటి ఐదు చరణాలు.

తబితా మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

“ఒక్కటే అయితది సార్. మీది ఎయ్యమంటే జల్దీ అయితది.”

“ఐదు చరణాలు కదా?”

“అయినా సరే. మీ పాటల మాటలన్నీ ఇంతకుముందు పాటలల్ల ఉన్నయి. లైన్లకు లైన్లే దొరుకుతయి.”

ఆమె పని లెక్కన అన్నది. అన్న తర్వాత గానీ అర్థం కాలేదు. సారు చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

“మరి ఇన్నమ్మది?”

“చిన్నదే గానీ దొరకదు. నారుమడి, గెట్టు, మోకాటి బురద... గివన్నీ ఏ పాటల ఉంటయి? ఒక్కో మాట మూడు పాటలు తిరిగి తేవాలె. టైము చాలుద్దో లేదో.”

రెండు దాటింది. సారు తన పాట కాగితాలు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి పై నుంచి కిందికి చదివాడు. మడిచాడు.

“ఇన్నమ్మది ఎయ్యి.”

“కమిటీల అడగరా సార్?”

“కమిటీ అడిగితే చెప్పుకుంట. ఆమె గురువారం ముందు వరుసల కూసుంటది. పుస్తకం మనవరాలికిచ్చి చూడమంటది. లేకపోతే నన్ను ఏమీ అనదు, ఊకె చూస్తది. గది నాతోని కాదు.”

తబితా మొదలుపెట్టింది. ఇన్నమ్మ పల్లవి ఇది:

మోకాటి బురదలో నారుమడి కాడ
నా గెట్టు మీద నిలిచినవయ్యా

‘గెలుపు’లోంచి ‘గె’ తెచ్చింది. ‘చెట్టు’లోంచి ‘ట్టు’ తెచ్చింది. ‘మోకాళ్ళు’ ఎనభై రెండో పాటలో ఉందని సారుకు గుర్తొచ్చింది. అక్కడి నుంచి సగం తెంపుకొచ్చారు. తెలుగు మాస్టారి కంఠస్థం మొదటిసారి పనికొచ్చింది. ఏ మాట ఏ పాటలో ఉందో ఆయన చెబుతుంటే ఈమె వెళ్ళి తెచ్చేది. రెండో చరణంలో ఒకచోట మణికట్టు పట్టేసింది. ఎడమ చేత్తో మౌస్ పట్టుకుంది. మూడూ పదికి ఆఖరి మాట అతికింది. ఆ పేజీ కూడా ప్రింటు తీసింది. సారు చదవబోతే ఆమె చదవనివ్వలేదు.

“ఇగ తప్పుంటే దేవుడు చూస్కుంటడు. బస్సు ఆగదు.”

సారు కట్ట చంకలో పెట్టుకుని సందులోంచి పరుగు లాంటి నడకతో వెళ్ళాడు. బస్సు మూడూ ముప్పై అయిదుకు కదిలింది. ఆమె సెంటరు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విని, లోపలికి వచ్చి చల్లారిన అన్నం డబ్బా విప్పింది.

రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాక విషయసూచిక గుర్తొచ్చింది. మిగిలిన మూడు పాటలనూ కలుపుకుని, నంబర్లు, రాసినవాళ్ళ పేర్లతో దాన్ని శనివారమే ప్రింటు తీసి కట్టలో అన్నిటికంటే పైన పెట్టింది.

గురువారం పొద్దున వేంసూరు పందిట్లో ఆరువందల పుస్తకాలు పంచారు. విషయసూచికలో 215 పాటలు ఉన్నాయి. పుస్తకంలో 213.