పాత వంతెన మీద రెండు మిస్డ్ కాల్స్

ఉప్పల్ అవతల మూసీ మీదున్న పాత వంతెనకు నా అంతట నేను వెళ్ళలేదు. మా అమ్మాయి సరిత పంపితే వెళ్ళాను. ఆ రోజు దాని ఇంటర్ లెక్కల సప్లిమెంటరీ ఫలితాలు. మూడున్నరకు నెట్ సెంటర్లో తెలుస్తాయన్నారు. పొద్దుటి నుంచీ నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక, "డాడీ, నువ్వు ఇంట్ల ఉంటే నాకు గుండె దడ. జర యాడికన్న పోయి రా" అంది. మొదటిసారి తప్పినప్పుడు దానితో ఎనిమిది రోజులు మాట్లాడలేదు నేను. ఆ భయంతోనే పంపుతోందని తెలిసి సిగ్గేసింది.

సెల్‌ఫోన్లు చేతికి కొత్తగా వచ్చిన రోజులవి. పాసైతే ఇంటి ఫోన్ నుంచి ఒక మిస్డ్ కాల్, తప్పితే రెండు, నేను ఎత్తకూడదు. ఇదీ మా ఒప్పందం.

రెండూ పదికి నాచారంలో బస్సెక్కాను. షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ వాళ్ళతో కిటకిటలాడుతోంది. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకున్న పక్క సీటాయన నన్ను కాసేపు చూసి, "ఏందన్నా, ఊకె గడియారం సూస్తున్నవ్. దవాఖానకా?" అన్నాడు.

"కాదు, వంతెన సూడనీకి."

"గదానికి గింత తొందరనా!"

ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగి, పావుగంట నిలబడి, ఇంకో బస్సు పట్టుకుని మూడూ పదికి చేరాను. లోపలికి టికెట్ ఐదు రూపాయలు. నిజాం కాలం నాటి రాతి కమానుల వంతెన ఇది. పక్కనే కొత్తది కట్టాక బస్సులూ లారీలూ అటు మళ్ళాయి. దీని మీద సిమెంటు బెంచీలు, పూలకుండీలు, పిల్లలకు బుల్లి రైలు పెట్టి విహారస్థలం చేశారు. స్పీకర్లలో చెవులు పగిలేలా పాటలు. కింద మూసీ గురించి ఎక్కువ చెప్పను, చేతిరుమాలు తీసుకెళ్ళండి. ఒకచోట మాత్రం పాత రాళ్ళను అలాగే వదిలేశారు. ఎడ్లబండ్ల చక్రాలు అరగదీసిన చారలు కనిపిస్తాయి. నేను కాస్త నిలబడింది అక్కడే.

మిగతా సేపంతా ఈ కొస నుంచి ఆ కొసకు నడకే. నాలుగోసారి గేటు దాకా వచ్చేసరికి వాచ్‌మన్ నవ్వాడు. "మెల్లగ సూడు సారూ, వంతెన యాడికి పోదు."

నాలుగూ పదికి జేబులోంచి ఫోన్ తీశాను. రెండు మిస్డ్ కాల్స్. రెండూ ఇంటి నుంచే. పాటల హోరులో వినపడనే లేదు.

బెంచీ మీద కూలబడ్డాను. దాచను, ముందు వచ్చింది కోపమే. ట్యూషన్ పెట్టించానే, తెల్లవారుజామున లేపానే అనుకున్నాను. తర్వాత తలుపు దగ్గర నా చెప్పుల చప్పుడు కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

పల్లీలమ్మే ఆవిడ గంప దించి, "ఏమైంది సారూ, పానం మంచిగ లేదా?" అంది.

"బిడ్డ ఫెయిలైందమ్మా."

"మరి బిడ్డ ఆడ, నువ్వీడనా? ఇంక కూసున్నవేంది, లే!"

లేచాను. నాలుగున్నర బస్సులో సీటు దొరకలేదు. నిలబడే, ఇంట్లో ఏం చెప్పాలో కూర్చుకున్నాను. "ఈసారన్న" అని మొదలయ్యేవి తీసేశాను, "నేను ముందే చెప్పిన" అనేవి తీసేశాను. చివరికి మిగిలింది రెండు ముక్కలు. ఉప్పల్లో బస్సు మారి నాచారంలో దిగాక దాదాపు పరిగెత్తాను. వంతెన చూడదగ్గదే, కుదురైన మనసుతో వెళ్ళండి. నేను సగం కూడా చూడలేదు.

అయిదూ నలభైకి సరితే తలుపు తీసింది. దాన్ని నోరు తెరవనివ్వలేదు.

"ఏం గాదు బిడ్డా, ఫికర్ జెయ్యకు. మల్ల రాస్తవ్. నేనున్న గద."

వంటింట్లోంచి మా ఆవిడ, "మల్ల రాసుడేంది? పాసైంది గద! ఫోన్ గొట్టిన గద నేను!" అని కేకేసింది.

"అమ్మా, నువ్వు గూడ కొట్టినవా?" అంది సరిత. తానూ ఒకటి కొట్టిందట. రెండెలా అయ్యాయో అప్పుడు అర్థమైంది.

నేను నవ్వబోయాను. సరిత నవ్వలేదు. తప్పిన రోజున కూడా కంటతడి పెట్టని పిల్ల, గుమ్మంలోనే బావురుమంది.

"ఫెయిలైన అనుకోని గూడ గిట్ల అన్నవా డాడీ?"

దాని తల మీద చెయ్యి వేశాను. మొదటిసారే వెయ్యవలసిన చెయ్యి.