అర్జెంటుకు ఎర్ర పీలిక

అప్పట్లో మా నందిగామలో దేనికైనా బోలెడంత తీరిక ఉండేది, బట్టలు కుట్టించుకోవడానికి తప్ప. మొన్న మనవరాలు ఫోనులో చూసి, "అమ్మమ్మా, అర్జెంటు అనే మాట ఏదో పాత భాషలో తొయ్యడం, నొక్కడం అనే మాటలోంచి పుట్టిందట" అంది. నవ్వొచ్చింది. (నా చదువు అయిదో తరగతే గానీ, ఆ సంగతి నాకు పదహారో ఏటే తెలుసు.)

అప్పుడు మిషను బాబాయి కొట్లో హుక్కులు కుట్టేదాన్ని. మా పక్కింటి సాయిబు గారు, నాకు మాత్రం బాబాయే. అర్జెంటు గుడ్డకి ఎర్ర పీలిక కట్టడం ఆయన పద్ధతి. పీలిక ఉన్నదే ముందు మిషనెక్కాలి. ఒకరోజు దారాలు కొనడానికి కంచికచర్ల వెళ్తూ కొట్టు నాకప్పగించాడు. వచ్చినవాళ్ళందరూ "అర్జెంటమ్మా, నీకు పుణ్యముంటుంది!" అనేవాళ్ళే. నాకా జాలెక్కువ, అందరికీ కట్టేశాను. ఒక్క టీచరమ్మ మాత్రం జాకెట్టు గుడ్డ ఇచ్చి, "వీలుంటే సాయంత్రానికి ఇవ్వండి" అని గొణిగి వెళ్ళింది. వీలుంటేనే గదా అని అడుగున పెట్టాను.

బాబాయి వచ్చి చూసి, "ఇది కొట్టా, మిరప కల్లమా?" అన్నాడు. అంతలో టీచరమ్మ రానే వచ్చింది. తెల్లారితే ముక్త్యాల బళ్ళో మొదటి ఉద్యోగమట, గంటలో జగ్గయ్యపేట బస్సట. ఉన్న ఒక్క మంచి చీరకీ జాకెట్టు అదేనట. "పర్లేదండి" అంటూనే కళ్ళు తుడుచుకుంది.

"ముందే చెప్పొద్దా తల్లీ?" అన్నాడు బాబాయి.

"అందరూ కంగారుగా ఉన్నారు గదండీ."

బాబాయి మిగతావన్నీ పక్కకి నెట్టి ఆ జాకెట్టు అందుకున్నాడు. "హుక్కులు కానీ పిల్లా, కానీ!" అని నన్ను తోస్తూనే ఉన్నాడు. బస్సు హారను మోగింది, ఆవిడ జాకెట్టు అందుకుని పరిగెత్తింది. అప్పుడు గుర్తొచ్చింది: రెండు వైపులా హుక్కులే కుట్టాను, తగిలించడానికి ఒక్క కాజా లేదు. "పోయిందే నా పరువు!" అని బాబాయి తల పట్టుకున్నాడు.

నెల తర్వాత ఆవిడ మళ్ళీ వస్తే మిషను వెనక దాక్కున్నాను. "బయటికి రా చెల్లీ" అంది నవ్వుతూ. "ఆ రోజంతా పిన్నీసులే. చెయ్యెత్తితే ఊడతాయని బోర్డు కింది సగంలోనే రాశా. పిల్లలకి అందేట్టు రాసింది ఈవిడొక్కతే అని హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు!"

ఇప్పుడు కొట్టు నాది. అర్జెంటని అరిచేవాళ్ళకి "చూద్దాంలే" అంటాను. "వీలుంటే" అని గొంతు తగ్గించినవాళ్ళ గుడ్డకి, వాళ్ళు వెళ్ళాక, ఎర్ర పీలిక కడతాను. ఇచ్చేముందు కాజాలు రెండుసార్లు లెక్కపెడతాను. ఆ పదహారేళ్ళ పిల్ల మీద నాకింకా నమ్మకం కుదరలేదు.