పశువుల తొట్లు కావు

అమీర్‌పేటలో కోర్సు ముగించినా నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరకలేదు. పంజాగుట్టలో ఒక మ్యాపుల కంపెనీలో చేరాను. విమానంలోంచి తీసిన ఇంగ్లండు పల్లెల ఫొటోలు మాకు వచ్చేవి. వాటిలో ఏది ఇల్లో, ఏది చెరువో, ఏది కంచో గుర్తించి కంప్యూటర్లో గీతలు గీయడం మా పని. ఇంగ్లండు ముఖం చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు.

ఒక మధ్యాహ్నం ఒక పొలంలో నాలుగు కాంక్రీటు కట్టడాలు కనిపించాయి. వంపుగా ఉన్నాయి, వాటి నడుమ ఒక గది. పశువుల తొట్లని రాశాను. రిజిస్టరులో సంతకాలు తీసుకోవడానికి వచ్చిన వాచ్‌మన్ నా వెనకే ఆగిపోయాడు. జనగామ వైపు మనిషి, సైన్యంలో పనిచేసి వచ్చాడు.

"గవి తొట్లు కావమ్మా, తోపుల గుంటలు. విమానాలను కొట్టే తోపులు."

"మీకెలా తెలుసు బాబాయ్?"

"పాకిస్తాన్ లడాయిల నేను గసుంటి గుంటలనే ఉన్న. సుట్టు తోపులు, నడిమిట్ల హుకుం ఇచ్చే గది."

టీమ్ లీడర్‌కి చెప్పాను. "సాయంత్రానికి షీటు పంపాలండి. తొట్లనే ఉంచండి, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ఉద్యోగానికి కొత్త, భయమేసింది. అయినా రిమార్కుల గడిలో నా అనుమానం రాసే పంపాను.

నాలుగు రోజులకు ఇంగ్లండు నుంచి జవాబొచ్చింది. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన విధ్వంసక ఫిరంగుల స్థావరమట. చట్టం కింద కాపాడుతున్నారు కాబట్టి, సొంత పొలమే అయినా రైతు అక్కడ ఒక్క ఇటుక కదపకూడదట. పాత షీట్లు కూడా మళ్లీ చూడమన్నారు. చూస్తే, నేనే తొట్లని రాసి పంపిన చోటు ఇంకొకటి దొరికింది. దాన్నీ దిద్దాను. ఆ తర్వాత అనుమానం వచ్చినప్పుడల్లా టీమ్ లీడర్ "బాబాయిని పిలవండి" అనేవాడు.

వాచ్‌మన్‌కి ఆ చట్టం సంగతి చెప్పి, వాళ్లు పంపిన ఫొటో చూపించాను. గుంటల నిండా గడ్డి, చుట్టూ గొర్రెలు.

"మీరున్న చోటు కూడా ఇలాగే ఉంచారా?"

"లేదమ్మా. లడాయి అయిపోయినంక మేమే మట్టి పోసి పూడ్చినం. గా చేను ఒక సర్దార్జీది. మేము ట్రక్కులు ఎక్కుతుంటెనే దున్నుడు షురూ చేసిండు."

"బాధనిపించలేదా?"

"ఎందుకమ్మా? ఆయన గోధుమ చేను మా గుంటల కిందనే పోయింది."

మళ్లీ ఫొటో వైపు చూశాడు. "మరి గీ రైతు దున్నకుంట ఎట్ల బతుకుతుండు?"

"గొర్రెలు మేపుకుంటున్నాడేమో" అన్నాను. నాకూ అంతకు మించి తెలియదు.