ఎడ్నా కూతురు ముట్టుకోని పెట్టె

ఎడ్నా నోవాక్‌కు జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. టొలీడో ఊళ్లో మా పక్క వాటా ఆవిడది. మొగుడు పోయాక కలవారి ఇళ్లు తుడిచి బతికింది. నాలుగేళ్ల కూతురు మార్లాను చూసుకునే దిక్కులేక వెంట తీసుకుపోయేది. ఆ ఇళ్లనిండా గాజుబొమ్మలే. పిల్ల ఒక్కటి పగలగొట్టినా ఎడ్నా పని పోయినట్టే. అందుకే ముందుగానే నేర్పింది: కుర్చీలో కూర్చో, చేతులు తొడల కింద పెట్టుకో, నేను పిలిచేదాకా కదలకు.

పిల్ల మాత్రం ప్రశ్నల పుట్ట. "పొగగొట్టంలో మెట్లుంటాయా? పియానో ఎందుకు నవ్వుతుంది?" అంటూ దారి పొడవునా తల్లి ప్రాణం తోడేసేది.

పందొమ్మిది వందల అరవై నాలుగులో, నేను వంట చేసే బడిలో, యూనివర్సిటీవాళ్లు నడిపే చిన్నపిల్లల బడిలో, ఒక ఉచిత సీటు ఖాళీ అయింది. కొత్తవి తెలుసుకోవాలనే తపన ఎక్కువున్న పిల్లకే ఇస్తారట.

"ఒసేయ్ ఎడ్నా, అది మీ మార్లాది కాకపోతే ఇంకెవరిదే?" అన్నాను.

"నీ నోట్లో చక్కెర పొయ్య! ఆ సీటొస్తే నా చీపురు దాని చేతికి రాదే రూతీ," అంది.

పరీక్షరోజు ఫ్రాకు ఇస్త్రీ చేసి తొడిగింది. దారంతా ఒకటే పాఠం. "బుద్ధిగా ఉండవే. నా పరువు తియ్యకు." ఎడ్నా చేసిన పొరపాటల్లా అదే.

పరీక్ష అంటే ఏముంది, గదిలో ఒక చెక్కపెట్టె. దానికి మీటలు, గంటలు, బుల్లి తలుపులు. పిల్లను దాని ముందు వదిలేసి, మిస్ హాలొరన్ అనే ఆవిడ, పిల్లకు తను కనబడకుండా అద్దం వెనక నుంచి ఇరవై నిమిషాలు చూసి రాసుకుంటుంది. మిగతా పిల్లలు ఆ పెట్టె అంతు చూశారు. మార్లా పెట్టె ఎదుటి కుర్చీ ఎక్కి, చేతులు తొడల కింద దోపుకుని, పిలిచేదాకా కదల్లేదు. సున్నా వేశారు. కుండెడు అన్నానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. పిల్ల బుర్రకూ అంతే అనుకున్నారు ఆ మహానుభావులు.

తర్వాత వంటగదిలో సూప్ తాగుతూ మార్లా నన్నడిగింది. "రూతత్తా, ఆ పెట్టెకి ఆరు తలుపులున్నాయి. నాలుగోదాని మేకు ఊడొస్తోంది. ఆ సందులోంచి చూస్తే దాని లోపల గంట ఒక్కటే, తాళ్లు రెండు. రెండోది దేనికి?"

గరిటె అక్కడే పడేసి హాలొరన్ దగ్గరికి పరుగెత్తాను. "చెయ్యి పెట్టకుండానే అంతా చూసేసింది మేడమ్! ఒక్కసారి పిలిచి అడగండి."

"నిజమే అయ్యుండొచ్చు రూతీ. కానీ పిల్లలు చేసిందే రాస్తాం. అనుకున్నది రాయడానికి ఈ కాగితంలో చోటులేదు," అంది.

చోటు లేదట! ఆవిడ కాఫీ కప్పుకు మాత్రం ఆ కాగితం మీదే చోటు దొరికింది. సీటు, మీట విరగ్గొట్టిన ఒక పళ్లడాక్టరు కొడుక్కు పోయింది.

ఎడ్నా ఏడవలేదు. ఆ సాయంత్రం తన పెళ్లినాటి రేడియో దించి బల్లమీద పెట్టింది. పక్కన స్క్రూడ్రైవరు పెట్టింది.

"విప్పవే. పగలగొట్టు. నేనేమీ అనను."

మార్లా రేడియోను చూసింది, తల్లిని చూసింది.

"ముట్టుకుంటే నిన్ను పన్లోంచి తీసేస్తారు కదమ్మా," అంది.

"ఇది మనిల్లే తల్లీ," అంది ఎడ్నా.

పిల్ల నమ్మలేదు.