అవ్వ చెప్పిన ఓటీపీ

మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఓటీపీ అంటే గ్యాస్ బండ. సిలిండర్ తెచ్చినవాడు అడిగితే ఫోన్‌లో వచ్చిన అంకెలు చదివి చెప్పాలి, అంతే. మంచిర్యాల స్టేషన్ దగ్గరి మా సర్వపిండి దుకాణానికి ఓ మధ్యాహ్నం టై కట్టుకున్న మనిషొకడు వచ్చి, "మీ పిండి మా యాప్‌ల పెడ్తం అమ్మా, ఫోన్ల నంబర్ వచ్చింది సూడు" అన్నాడట. అవ్వ గడగడా చదివేసింది. తిండి ఇళ్లకు చేర్చే కంపెనీతో మా ఒప్పందం అలా కుదిరింది. సంతకం లేదు, కాగితం లేదు.

సర్వపిండి అంటే బియ్యప్పిండి రొట్టె; దాన్ని గంజు గిన్నె లోపల ఒత్తి సన్నని సెగ మీద కాల్చాలి. ఆ గంజు చల్లారితేనే ఇంకొకటి ఒత్తగలం. మాకున్నవి నాలుగు గంజులు. యాప్‌లో చూస్తే పదిహేను నిమిషాల్లో తయారట, పైగా ఒకటి కొంటే ఒకటి ఉచితమట! ఎవడిచ్చాడయ్యా ఆ మాట? మా పేరు మీద ఆఫర్లు వాళ్లే పెట్టుకోవచ్చని ఒప్పందంలో ఉందట. నాకు ఒళ్లు మండిపోయింది.

గంజులన్నీ ఆ ఆర్డర్లకే సరిపోయేవి. రోజూ సాయంత్రం వచ్చే మా బాపు దోస్తు, రిటైరైన గని కార్మికుడు, బెంచీ మీద కూర్చుని కూర్చుని లేచాడు. "గిదేంది వదినె, గంటసేపాయె. నాకొక్కటి ఇయ్యరాదు?" అని వట్టి చేతులతో పోయాడు. అవ్వకు ఏడుపొక్కటే తక్కువ.

మా పేరు తీసేయండని రాస్తే, నెల రోజుల ముందు నోటీసివ్వాలన్నారు. కరీంనగర్ పోయి వకీలును కలిశాను. "కొట్లాడాల్నంటే బెంగళూరు కోర్టుకు పోవాలె తమ్మీ, గట్లనే రాసుకున్నరు. ఓటీపీ చెప్పినంక ఒప్పుకున్నట్టే అంటరు" అన్నాడాయన.

"వీండ్ల నోట్ల మన్నువడ! గట్లయితే నెల రోజులు నాకు పాణం బాగలే" అని అవ్వ షట్టర్ దించేసింది.

నెల తర్వాత తెరిచాం. యాప్‌లో మా పేరు అట్లాగే ఉంది, కింద 'శాశ్వతంగా మూసివేయబడింది' అని చేరింది. తీసేయమని మళ్లీ రాశాను. మీరిప్పుడు మా భాగస్వామి కారు, మీ ఫిర్యాదు తీసుకోలేమన్నారు. భాగస్వామిగా ఉన్నప్పుడు విన్నదెక్కడ!

మూడో సాయంత్రం బాపు దోస్తు అవతలి పక్కగా పోతుంటే అవ్వే కేకేసింది.

"మూసేసిండ్రట కద వదినె? మనుమరాలు ఫోన్ల చూపెట్టింది. గందుకే ఇటు రాలే."

"నీ కండ్ల ముంగటనే నిలవడ్డ కదయ్యా!"

ఆయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆయన వంతు కోసం ఆగాల్సిన పని పడలేదు. మిగతా మూడు గంజులూ పొద్దున బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.